టీచర్ల శిక్షణ తరగతి గదిని ఎలా దాటిపోయింది?

ట్రైనింగ్ అనగానే చాలామంది టీచర్లకు గుర్తొచ్చేది ఒక హాలు, ఒక ప్రొజెక్టర్, రెండు మూడు రోజుల ఉపన్యాసాలు, చివర్లో ఒక సర్టిఫికెట్. బడికి తిరిగి వెళ్లాక పాఠం ఎప్పటిలాగే సాగుతుంది. తప్పు టీచర్లదేనని తేల్చేసేవాళ్లు కొందరు, ఉపన్యాసకులదని అనేవాళ్లు కొందరు. నిజానికి శిక్షణ పిల్లలకు దూరంగా జరిగిపోవడంలోనే అసలు చిక్కు ఉంది. మొదట్లో అది ఇలా ఉండేది కాదు.

1839లో అమెరికాలోని లెక్సింగ్టన్‌లో, మసాచుసెట్స్ రాష్ట్ర విద్యా మండలి కార్యదర్శి హొరేస్ మాన్ చొరవతో, ఆ దేశంలో తొలి ప్రభుత్వ నార్మల్ స్కూల్, అంటే టీచర్లను తయారుచేసే బడి, తెరిచారు. మొదటి రోజు చేరింది ముగ్గురు యువతులే. దానికి అనుబంధంగా పిల్లల బడి ఒకటి నడిచేది. కాబోయే టీచర్లు అక్కడ పాఠాలు చెప్పేవారు, ప్రిన్సిపల్ సైరస్ పీర్స్ స్వయంగా వచ్చి గమనించేవాడు. చదువు, సాధన ఒకే ఆవరణలో ఉండేవి.

20వ శతాబ్దంలో నార్మల్ స్కూళ్లు కాలేజీలయ్యాయి, ఆ తర్వాత చాలావరకు విశ్వవిద్యాలయాల్లో కలిసిపోయాయి. దానివల్ల టీచర్ వృత్తికి గౌరవం పెరిగింది, సబ్జెక్టు లోతు పెరిగింది. అది అవసరమే. కానీ పక్కనే ఉన్న పిల్లల బడి క్రమంగా వెనక్కి పోయింది. ఉద్యోగంలో చేరాక ఇచ్చే శిక్షణకు కూడా ఉపన్యాసమే నమూనా అయింది.

1960ల్లో పరిశోధకులు మళ్లీ తరగతి వైపు చూశారు. 1963లో స్టాన్‌ఫోర్డ్‌లో మైక్రోటీచింగ్ మొదలైంది. నలుగురైదుగురు పిల్లలకు కొద్ది నిమిషాల పాఠం చెప్పడం, వీడియోలో తనను తాను చూసుకోవడం, సరిచేసుకుని మళ్లీ చెప్పడం. ఆ తర్వాత మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యా పరిశోధకురాలు టీచర్ల పాఠాలను టేపుల్లో రికార్డు చేసి విన్నారు. ప్రశ్న అడిగాక జవాబు కోసం టీచర్ ఆగుతున్నది సగటున సుమారు ఒక్క సెకను! ఆలోగా ఎవరూ చెప్పకపోతే ప్రశ్న మరొకరికి పోతుంది, లేదా టీచరే జవాబు చెప్పేస్తారు. వెనకబడ్డారనుకున్న పిల్లలకు దక్కే సమయం ఇంకా తక్కువ. మూడు సెకన్లు ఆగితే చాలు, జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు మాట్లాడారు, 'తెలీదు' అనడం తగ్గింది.

ఈ సంగతిని ఉపన్యాసంలో పది నిమిషాల్లో చెప్పేయొచ్చు. పాటించడం మాత్రం అలా కాదు. క్లాసులో ఆ మూడు సెకన్ల నిశ్శబ్దం టీచర్‌కు చాలా టెన్షన్‌గా ఉంటుంది. వెనక బెంచీలో ఒక తోటి టీచర్ కూర్చుని, ఎక్కడ ఆగారో ఎక్కడ ఆగలేదో రాసి చూపిస్తే తప్ప ఏళ్ల అలవాటు మారదు. 1980ల్లో విద్యా పరిశోధకులు బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ గట్టిగా చెప్పింది ఇదే. సిద్ధాంతం, ప్రదర్శన, సాధన మాత్రమే ఉంటే సరిపోదు, బడిలో తోడుండి చేయించే కోచింగ్ కావాలన్నారు.

జపాన్‌లో ఈ తోడు ముందునుంచీ ఉంది. 1872లో టోక్యోలో నార్మల్ స్కూల్ పెట్టినప్పుడు పాఠం చెప్పి చూపించడానికి అమెరికా నుంచి వచ్చిన టీచర్ మారియన్ స్కాట్‌ను నియమించారు. పాఠాన్ని నలుగురూ కలిసి చూసే అలవాటు ఆ దేశపు బడుల్లో స్థిరపడి 'లెసన్ స్టడీ' అయింది. భిన్నాల కూడికే తీసుకోండి. 1/2కు 1/3 కలిపితే 2/5 అని కొందరు పిల్లలు చెబుతారని టీచర్లు ముందే ఊహిస్తారు. అప్పుడు తప్పని కొట్టేయాలా, '2/5 సగం కన్నా ఎక్కువా, తక్కువా?' అని అడగాలా? దీని మీదే చాలాసేపు చర్చ నడుస్తుంది. తర్వాత ఒకరు పాఠం చెబుతారు. మిగతావాళ్లు పిల్లల నోట్‌బుక్కుల్లో ఏం జరుగుతోందో చూస్తారు. చివర్లో మాట్లాడుకునేది పాఠం గురించి, చెప్పిన మనిషి గురించి కాదు. 1990ల్లో అమెరికా, జర్మనీ, జపాన్ గణితం క్లాసులను వీడియో తీసి పోల్చిన అధ్యయనం, దాని ఆధారంగా 1999లో పరిశోధకులు స్టిగ్లర్, హీబర్ట్ రాసిన పుస్తకం వచ్చాకే మిగతా ప్రపంచం దీన్ని గట్టిగా పట్టించుకుంది.

అయినా ఇది చాలాచోట్ల వేళ్లూనలేదు. ఒకరి క్లాసు మరొకరు చూడాలంటే టైంటేబుల్‌లో ఖాళీ పీరియడ్ ఉండాలి, అది దొరకదు. దొరికినా, క్లాసులోకి ఎవరైనా వచ్చారంటే తనిఖీకే అన్న భయం. చూసినవాళ్లు మార్కులు వేస్తారంటే ఏ టీచరైనా తనకు బాగా వచ్చిన పాఠమే ఎంచుకుంటారు, ఇబ్బంది పెడుతున్న పాఠాన్ని దాచేస్తారు. సాయం కావాల్సింది ఆ దాచిన పాఠానికే. అందుకే పరిశీలనను గ్రేడింగ్ నుంచి పూర్తిగా విడదీయాలన్నది ఇప్పుడు ఈ చర్చలో తేలాల్సిన మొదటి విషయం. శిక్షణను గంటల్లో లెక్కపెట్టే నిబంధనలు ఎన్ని ఉన్నా, అందులో ఎన్ని గంటలు పిల్లల ముందు గడిచాయన్న లెక్క కూడా అడగాలి.