శ్రీలంక 13వ సవరణ: రాసుకున్న ఒప్పందాలు, చింపేసిన ఒప్పందాలు

శ్రీలంక తమిళుల సమస్య ఎప్పుడు చర్చకు వచ్చినా మాట 1987లో ప్రావిన్సులకు కొన్ని అధికారాలిచ్చిన 13వ రాజ్యాంగ సవరణ దగ్గరికే చేరుతుంది. దాన్ని పూర్తిగా అమలు చేయాలని ఢిల్లీ అడుగుతూనే ఉంది. రద్దు చేయాలని సింహళ జాతీయవాదులు పట్టుబడతారు. అది ఏ మూలకూ చాలదని తమిళ పార్టీల్లో కొందరంటారు. ఈ గొడవ అర్థం కావాలంటే 1987 దగ్గర మొదలుపెడితే సరిపోదు, 1956కి వెళ్లాలి.

ఆ ఏడాది ప్రధాని ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకే సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేస్తూ చట్టం తెచ్చారు. కొలంబో గాల్ ఫేస్ మైదానంలో శాంతియుతంగా నిరసనకు కూర్చున్న తమిళ నాయకుల్ని అల్లరి మూకలు కొట్టాయి. అయినా ఏడాది తిరిగేసరికి అదే బండారనాయకే తమిళుల ఫెడరల్ పార్టీ నాయకుడు ఎస్.జె.వి. చెల్వనాయకంతో మాట్లాడి, 1957 జులై 26న ఒప్పందం చేసుకున్నారు. ఉత్తర, తూర్పు ప్రాంతాలకు ప్రాంతీయ మండళ్లు, భూమి, వ్యవసాయం, విద్య లాంటి విషయాల్లో వాటికి అధికారాలు, ఆ ప్రాంతాల్లో పాలన తమిళంలో. 30 ఏళ్ల తర్వాత వచ్చిన 13వ సవరణలోని ముఖ్యమైన ఆలోచన అప్పటికే ఆ కాగితం మీద ఉంది.

దాన్ని బతకనివ్వలేదు. ప్రతిపక్ష యునైటెడ్ నేషనల్ పార్టీ నాయకుడు జె.ఆర్. జయవర్ధనే 'దేశాన్ని ముక్కలు చేస్తున్నారు' అన్న ప్రచారంతో 1957 అక్టోబరులో కొలంబో నుంచి క్యాండీకి పాదయాత్ర మొదలుపెట్టారు. దారిలోనే అడ్డుకోవడంతో అది ఆగిపోయింది కానీ, ఆ మాట మాత్రం జనంలోకి వెళ్లింది. 1958 ఏప్రిల్‌లో బౌద్ధ భిక్షువులు ప్రధాని ఇంటి ముందు బైఠాయించారు. బండారనాయకే ఒత్తిడికి లొంగి ఒప్పందం రద్దయిందని ప్రకటించారు. మరుసటి నెలలోనే తమిళుల మీద పెద్దఎత్తున దాడులు జరిగాయి.

1965లో పాత్రలు తారుమారయ్యాయి. ఈసారి యునైటెడ్ నేషనల్ పార్టీ తరఫున దడ్లీ సేననాయకే చెల్వనాయకంతో ఒప్పందం చేసుకుంటే, బండారనాయకే పెట్టిన పార్టీ వీధికెక్కింది. అదీ అటకెక్కింది. నా దృష్టిలో ఈ కథకు కీలకం ఇక్కడే ఉంది. అధికారంలో ఉన్నప్పుడు రెండు పార్టీలకూ రాజీ అవసరం తెలుసు, ప్రతిపక్షంలోకి వెళ్లగానే రెండూ దాన్ని చెడగొట్టాయి. ఏళ్లకేళ్లు ఓపికగా చర్చలకు కూర్చున్న పెద్దల మీద తమిళ యువత నమ్మకం పోగొట్టుకుందంటే ఆశ్చర్యం లేదు. 1976లో వట్టుక్కోట్టైలో జరిగిన తమిళ పార్టీల సభ ప్రత్యేక దేశం కావాలని తీర్మానించింది. 1981లో జాఫ్నా గ్రంథాలయాన్ని తగలబెట్టారు. 1983 జులైలో కొలంబోలో తమిళుల మీద మారణకాండ జరిగింది.

అదే సమయంలో అప్పటి మన విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావు కొలంబో వెళ్లారు. భారత్ మధ్యవర్తిత్వం అక్కణ్ణుంచి ఊపందుకుంది. 1987 జులై 29న రాజీవ్ గాంధీతో ఒప్పందం మీద సంతకం పెట్టింది ఎవరో కాదు, 30 ఏళ్ల కిందట క్యాండీకి బయలుదేరి, ఇప్పుడు అధ్యక్షుడిగా ఉన్న జయవర్ధనేనే. మర్నాడు సైనిక వందనం స్వీకరిస్తున్న రాజీవ్‌ను ఒక నావికుడు తుపాకీ మడమతో కొట్టాడు. ఆ నవంబరులో 13వ సవరణ వచ్చింది. ప్రావిన్షియల్ కౌన్సిళ్లు ఏర్పడ్డాయి, ఉత్తర, తూర్పు ప్రావిన్సుల్ని తాత్కాలికంగా కలిపారు. ఆ కలయికపై తూర్పులో రెఫరెండం పెడతామన్నారు, ఎన్నడూ పెట్టలేదు. తమిళులు, ముస్లింలు, సింహళీయులు కలిసి బతికే తూర్పు ప్రావిన్స్ ఏమనుకుంటోందో ఎవరూ అడగలేదన్నమాట. 2006లో సుప్రీంకోర్టు ఆ విలీనం చెల్లదని తేల్చింది. భూమి, పోలీసు అధికారాలు కాగితం మీదే ఉండిపోయాయి.

తప్పంతా ఒక వైపే లేదు. ప్రత్యేక దేశం కోసం ఆయుధం పట్టిన తమిళ సంస్థ ఎల్టీటీఈ 1987 ఒప్పందాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. ఆ ఒప్పందం ప్రకారం అక్కడికి వెళ్లిన భారత శాంతి సేనతోనే యుద్ధానికి దిగింది, సుమారు 1,200 మంది మన సైనికులు చనిపోయారు. 1990లో ఉత్తర ప్రాంతం నుంచి ముస్లింలను వెళ్లగొట్టింది. అధ్యక్షురాలు చంద్రిక కుమారతుంగ హయాంలో ప్రాంతాలకు విస్తృత అధికారాలిచ్చే ముసాయిదా రాయడంలో పాలుపంచుకున్న తమిళ న్యాయ నిపుణుడు నీలన్ తిరుచెల్వంను 1999 జులై 29న ఆత్మాహుతి దాడిలో చంపింది. రాజీకి మేధస్సు పెట్టగల మనిషినే లేకుండా చేసుకున్నారు. ఆ ప్రతిపాదనలతో రాజ్యాంగ బిల్లు 2000 ఆగస్టులో పార్లమెంటుకు వస్తే, ప్రతిపక్ష సభ్యులు సభలోనే దాని ప్రతుల్ని కాల్చారు.

2009లో ప్రభుత్వానికి, ఎల్టీటీఈకి మధ్య యుద్ధం ముగిశాక కూడా తగువు తెగలేదు. 2017లో కొత్త రాజ్యాంగం కోసం వచ్చిన మధ్యంతర నివేదిక దేశాన్ని సింహళంలో 'ఏకీయ రాజ్యం' అని, తమిళంలో 'ఒరుమిత్త నాడు' అని పిలవాలంది. మొదటిది ఒకే కేంద్రం ఉన్న దేశం, రెండోది ఒక్కటిగా కలిసిన దేశం. రెండు మాటల మధ్య ఉన్న సందు చాలు, దేశాన్ని చీలుస్తున్నారని ఒక వైపు, మోసమని మరో వైపు గోల మొదలైంది. ఆ ప్రయత్నమూ ఆగిపోయింది. ప్రావిన్షియల్ కౌన్సిళ్లకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2014లో, ఊవా ప్రావిన్స్‌లో. తర్వాత ఒక్కోదాని గడువు తీరిపోతుంటే, పాలన అధ్యక్షుడు నియమించే గవర్నర్ల చేతికి వెళ్లింది.

1987లో ఈ సవరణకు వ్యతిరేకంగా ఆయుధం పట్టిన సింహళ వామపక్ష పార్టీ జేవీపీ నాయకత్వంలోని కూటమి, 2024 నవంబరులో మూడింట రెండొంతులకు పైగా పార్లమెంటు సీట్లు గెలిచింది. జాఫ్నా జిల్లాలోనూ అదే మొదటి స్థానంలో నిలిచింది. 1957 నుంచి ప్రతి రాజీనీ చెడగొట్టిన ఆ రెండు పార్టీలకూ ఇప్పుడు పార్లమెంటులో అడ్డుకునేంత బలం లేదు.