ఎడమ ముందు టైరు మళ్లీ ఉబ్బిందా? సైడ్‌వాల్ గురించి అపోహలు - వాస్తవాలు

"అన్నా, ఆర్నెల్లలో ఇది రెండో టైరు. ఈ కంపెనీ వేస్ట్. వేరేది వేసెయ్."

వానాకాలం మొదలైందంటే టైర్ల షాపుల్లో మోగిపోయే మాట ఇది. వేరే కంపెనీది వేస్తారు, బిల్లు కడతారు, వెళ్లిపోతారు. కొన్నాళ్లకు దానికీ బల్జ్, అంటే టైరు పక్కన ఉబ్బు, వస్తుంది. ఇప్పుడు ఆ కంపెనీనీ తిడతారు. అసలు కారణం మాత్రం కారులోనే హాయిగా తిరుగుతూ ఉంటుంది.

అపోహ: బల్జ్ వచ్చిందంటే టైరు నాసిరకం.

వాస్తవం: ఇప్పటి కార్లకు మామూలుగా వేసే రేడియల్ టైరులో స్టీలు బెల్టులు ట్రెడ్ (రోడ్డుకు ఆనే భాగం) కిందే ఉంటాయి. సైడ్‌వాల్‌ను, అంటే టైరు పక్క గోడను, పట్టి ఉంచేది పాలిస్టర్ దారాల పొర. మామూలు కార్లకు ఒక పొర, మహా అయితే రెండు. గుంత అంచు టైరును రిమ్ముకేసి నొక్కినప్పుడు ఆ దారాలు మధ్యలో నలిగి తెగుతాయి. రబ్బరు సాగుతుంది కాబట్టి పైకి ఏమీ తెలియదు. ఆ తర్వాత గాలి ఒత్తిడి తెగిన చోటును బయటికి తోస్తుంది. ఉబ్బు అదే రోజు కనిపించవచ్చు, కొన్ని వారాల తర్వాతా కనిపించవచ్చు. "నేనెక్కడా కొట్టలేదండీ" అనేవాళ్లు అబద్ధమాడటం లేదు. కొట్టిన రోజు వాళ్లకు గుర్తులేదు, అంతే.

తయారీ లోపాలు అసలే ఉండవని కాదు. కానీ రెండు వేర్వేరు కంపెనీల టైర్లు ఒకే చక్రం మీద ఒకేలా పోతే తప్పు టైరుది ఎలా అవుతుంది? దెబ్బ వల్ల వచ్చిన బల్జ్‌కి సాధారణంగా వారంటీ రాకపోవడానికి కారణమూ ఇదే.

టైరు తీయించే ముందు, పొద్దున్నే, కారు కదలకముందు నాలుగు చక్రాల గాలీ కొలిచి రాసుకోండి. మూడింటిలో 32, 33 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండి ఉబ్బినదాంట్లో 25 ఉంటే సగం జవాబు దొరికినట్టే. తర్వాత బల్జ్ ఎదురుగా రిమ్ము మీద చాక్‌పీసుతో గీత పెట్టండి. వాల్వ్‌ను 12 గంటల దగ్గర ఉంచితే బల్జ్ ఎన్ని గంటల దగ్గరుందో ఫొటో తీసుకోండి. టైరు విప్పాక రిమ్ము లోపలి అంచును, అంటే కారు వైపుది, వేలితో చుట్టూ తడమండి. బయటి అంచు నున్నగా మెరుస్తున్నా లోపలి అంచు వంగి ఉండటం మామూలే. గీత దగ్గరే వంపు తగిలితే దెబ్బ పడింది అక్కడే. ఆ వంపును అలాగే వదిలేసి కొత్త టైరు ఎక్కిస్తే బీడింగ్ (రిమ్మును పట్టుకునే టైరు అంచు) అక్కడ సరిగా కూర్చోదు, గాలి కొంచెం కొంచెంగా పోతుంది. గాలి తగ్గిన టైరు తర్వాతి గుంతలో ఇంకా తేలిగ్గా నలుగుతుంది. ఒకే చక్రానికి మళ్లీ మళ్లీ బల్జ్ రావడం వెనుక తరచూ కనిపించే కథ ఇది.

లీకు పట్టుకోవడానికి సబ్బు నీళ్లు చాలు. రిమ్ముకూ టైరుకూ మధ్య రెండు వైపులా, వాల్వ్ పిన్ను మీద, వాల్వ్ మొదట్లో పోసి రెండు నిమిషాలు ఆగండి. సన్నటి నురగ కూడా లెక్కే. బాగున్న టైరు నెలకు 1-2 పీఎస్ఐ కోల్పోతుంది. వారానికి 3 తగ్గుతోందంటే లీకు ఉన్నట్టే, రోజూ గాలి కొట్టించుకుంటూ తిరగడం వైద్యం కాదు.

విప్పిన టైరు లోపలకి టార్చి కొట్టి చూడండి. నల్లటి పొడి రాలి, సైడ్‌వాల్ లోపల చుట్టూ అరిగిన పట్టీ కనిపిస్తే అది చాలా దూరం గాలి తక్కువతో నడిచిందని అర్థం. లోపలి వైపు, బయటి వైపు ఎదురెదురుగా రెండు చోట్ల తెగితే గుంత అంచు దెబ్బ. బయటి వైపు మాత్రమే గీరుకుపోతే ఫుట్‌పాత్ అంచుకు ఆనించి పార్క్ చేసే అలవాటు. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి రోడ్డు అంచు గుంతలూ ఫుట్‌పాత్ రాళ్లూ మొదట ఎడమ చక్రాలకే తగులుతాయి. కారు వైపు చుట్టూతా ఒకే ఎత్తులో గాడి పడితే రోడ్డును వదిలేయండి, జాకీ ఎత్తి చూడండి: స్ప్రింగు విరిగి టైరుకు తగులుతుండవచ్చు, ఫెండర్ లైనర్ (చక్రం పైన ఉండే ప్లాస్టిక్ తొడుగు) ఊడి ఉండవచ్చు, కొత్త అల్లాయ్ చక్రం ఆఫ్‌సెట్ (అది ఎంత లోపలికి కూర్చుంటుందన్న కొలత) సరిపోక సస్పెన్షన్‌కు రాసుకుంటుండవచ్చు.

అపోహ: ఎండాకాలం గాలి తగ్గించాలి, లేకపోతే టైరు పేలుతుంది.

వాస్తవం: జేబుకు అన్నింటికంటే ఎక్కువ చిల్లు పెట్టే మాట ఇది. గాలి తక్కువైతే సైడ్‌వాల్ ప్రతి చుట్టుకూ ఎక్కువ మడత పడుతుంది. మడత పడేకొద్దీ వేడెక్కుతుంది, హైవే మీద వేగానికి ఆ వేడే టైరును చంపుతుంది. వాతావరణం 30 డిగ్రీల నుంచి 45కి పెరిగితే టైరులో పెరిగేది సుమారు రెండున్నర పీఎస్ఐ. చాలా కార్ల టైర్ల మీద గరిష్ఠ ఒత్తిడిగా 44 లేదా 51 అని ముద్రించి ఉంటుంది (అది హద్దు, మీరు కొట్టించాల్సిన లెక్క కాదు). ఈ రెండున్నరకు టైరు భయపడదు.

ఇందులోనే ఇంకో ఉచ్చు ఉంది. గంటసేపు హైవే మీద నడిపి బంకులో ఆపితే మీటరు 38 చూపిస్తుంది. "ఎక్కువైంది సార్" అని 33కి దించుతారు. మర్నాడు పొద్దున టైరు చల్లారాక కొలిస్తే 28, 29. ఆ కారుతో ఇంటిల్లిపాదీ సామానుతో సహా తిరుపతి బయలుదేరితే బల్జ్ రాకపోవడమే ఆశ్చర్యం. లెక్క డ్రైవర్ డోర్ పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది, ఫుల్ లోడుకు వేరే అంకె ఉంటే అదీ అక్కడే ఉంటుంది. చల్లటి టైరుకే కొలవాలి. బంకు మీటర్లను నమ్మకుండా సొంత గేజ్ కొనుక్కోండి.

అలాగని 40 కొట్టిస్తే గుంతల నుంచి కాపాడుతుందనుకోవద్దు. బిర్రుగా ఉన్న టైరు దెబ్బను మింగలేదు, అది ట్రెడ్‌కూ సస్పెన్షన్‌కూ చేరుతుంది. వేగం సంగతి చూడండి: గంటకు 40 కిలోమీటర్ల వేగంలో తగిలే దెబ్బ కంటే 60లో తగిలే దెబ్బ శక్తి రెండుంబావు రెట్లు. గుంత తప్పదనిపిస్తే ముందే బ్రేక్ వేసి, చక్రం దిగే క్షణానికి బ్రేక్ వదిలేయండి. బ్రేక్ నొక్కి ఉంటే ముందు చక్రాల మీద బరువు ఎక్కువ పడుతుంది.

పెద్ద అల్లాయ్ మోజు గురించి రెండు ముక్కలు. టైరు మీది సైజులో మొదటి అంకె వెడల్పు (మిల్లీమీటర్లలో), రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాలు. 185/65 ఆర్15కి సైడ్‌వాల్ ఎత్తు 120 మిల్లీమీటర్లు. 195/55 ఆర్16కి 107. 205/45 ఆర్17కి 92. చక్రం ఎత్తు దాదాపు అంతే, గుంతకూ రిమ్ముకూ మధ్య దిండు మాత్రం అంగుళం పైగా పోయింది. లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) కూడా చూడండి: 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, 84 అంటే 500.

మిగతావి గబగబా. నైట్రోజన్ బల్జ్‌ను ఆపదు, మామూలు గాలిలోనే 78 శాతం అదే. అలైన్‌మెంట్ తప్పితే ట్రెడ్ ఒక పక్క అరుగుతుంది, సైడ్‌వాల్ ఉబ్బదు. కానీ గట్టి దెబ్బ తర్వాత అలైన్‌మెంట్ చెక్ చేయించాల్సిందే. సైడ్‌వాల్‌కు ప్యాచ్ వేయడం, లోపల ట్యూబు పెట్టి నడపడం రెండూ వద్దు, తెగిన దారాలు అతుక్కోవు. బల్జ్ టైరును వెనక్కి మార్చినా అంతే, వెనకది పేలితే కారు గిరగిరా తిరిగిపోవచ్చు.

కంగారు పడేవాళ్లకు ఒక మాట. సైడ్‌వాల్ మీద నిలువుగా, *లోపలికి* సన్నగా నొక్కుకుపోయిన గీత కనిపిస్తే అది దారాల పొర అంచులు ఒకదాని మీద ఒకటి కలిసిన చోటు. ప్రమాదం లేదు. వేలు పెడితే *బయటికి* గుడ్డులా తగిలితేనే భయం. అది చిన్నదైనా సరే, ఆ రోజే స్టెప్నీ వేసుకోండి. స్టెప్నీ సన్నటిదైతే దాని మీద 80 అని రాసి ఉంటుంది, ఆ వేగం దాటకుండా షాపుకు వెళ్లండి. అక్కడ చాక్‌పీసు గీత చెరపకముందే, రిమ్ము వంగిందేమో బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పించి చూడండి.