కడ్డీకి అడ్డుకట్టగా వచ్చిన హేలో

పాలపుంత నడుమ నక్షత్రాలు గుండ్రటి ముద్దగా లేవు, పొడవాటి కడ్డీలా పేరుకుని ఉన్నాయి. సర్పిల గెలాక్సీల్లో ఇది మామూలే. వింత ఎక్కడంటే, గెలాక్సీ చుట్టూ డార్క్ మేటర్ హేలో (కంటికి కనిపించని పదార్థపు గుండ్రటి పొర) ఉండాలన్న తొలి వాదనల్లో ఒకటి ఈ కడ్డీని రానివ్వకుండా చేయడం కోసమే పుట్టింది.

1973లో ఖగోళ శాస్త్రవేత్తలు ఆస్ట్రైకర్, పీబుల్స్ కంప్యూటర్లో 150 నుంచి 500 బిందువులతో పళ్లెంలాంటి గెలాక్సీని కట్టి తిప్పారు. ఇప్పటి సిమ్యులేషన్ల ముందు అది పిల్లలాటే, కానీ ఫలితం గట్టిది: పళ్లెం చూస్తుండగానే కడ్డీగా మారిపోయింది. భ్రమణ గతిశక్తిని గురుత్వ శక్తితో భాగిస్తే వచ్చే విలువ 0.14 దగ్గరికి దిగితేగానీ నిలకడ రాలేదు. నక్షత్రాలు అడ్డదిడ్డంగా తిరిగినా అది దిగుతుంది. మన పళ్లెంలో అవి బుద్ధిగానే తిరుగుతున్నాయి. కాబట్టి పళ్లెం చుట్టూ, దానిలా తిరగని బరువేదో, అంటే హేలో, ఉండాలన్నారు.

అంతకు మూడేళ్ల ముందే వీరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడాలో 67 అయనీకృత హైడ్రోజన్ మేఘాల వేగాలు కొలిచారు. ఆ దశకం చివర బోస్మా హైడ్రోజన్ వాయువు వెలువరించే 21 సెంటీమీటర్ల రేడియో తరంగాల కొలతలతో మరెన్నో గెలాక్సీల్లో ఇంకా బయటికి వెళ్లాడు. వెలుగు అయిపోయినా వేగం తగ్గలేదు. సెకనుకు 220 కి.మీ. వేగం అలాగే నిలిస్తే 10 కిలోపార్సెక్‌ల (ఒక్కోటి సుమారు 3,260 కాంతి సంవత్సరాలు) లోపల సుమారు 11,000 కోట్ల సూర్యుల బరువుండాలి, 20 లోపల 22,000 కోట్లు. నక్షత్రాలు ఆ లెక్కన పెరగవు.

1973 నాటి హేలో మాత్రం రాయిలాంటిది: లాగుతుంది, తాను కదలదు. 2002లో అథనసూలా హేలోనూ కణాలతో కట్టి చూస్తే కథ తిరగబడింది. కడ్డీతో లయ కలిసిన హేలో కణాలు దాని కోణీయ ద్రవ్యవేగాన్ని (తిరుగుడు జోరును) పీల్చుకున్నాయి. పోగొట్టుకున్నకొద్దీ కడ్డీ పొడవై బలపడింది!

బలంతో పాటు నెమ్మదితనమూ వస్తుంది. కడ్డీ వెనకాల హేలో కణాలు గుమిగూడి దాన్ని వెనక్కి లాగుతాయి. నడుమ హేలో దట్టంగా ఉంటే కడ్డీ త్వరగా నెమ్మదించాలని 1998లో డెబట్టిస్టా, సెల్‌వుడ్ చూపించారు. కానీ కొలిచిన కడ్డీల్లో చాలావరకు చురుగ్గానే తిరుగుతున్నాయి. అంటే నడుమ హేలో పలచనై ఉండాలి. నవారో, ఫ్రెంక్, వైట్‌ల సిమ్యులేషన్లేమో లోపలికి పోయేకొద్దీ హేలో సాంద్రత కేంద్రం నుంచి దూరానికి విలోమంగా పెరుగుతుందంటాయి. ఈ పేచీ నేటికీ పూర్తిగా తీరలేదు.

కొలతనూ గుడ్డిగా నమ్మలేం. కడ్డీ తిరిగే వేగాన్ని కొలిచే 1984 నాటి ట్రెమైన్–వైన్‌బర్గ్ పద్ధతిలో పళ్లెం వాలిన దిశను నాలుగైదు డిగ్రీలు తప్పుగా తీసుకుంటే చాలు, కడ్డీ వేగం బాగా చెడిపోతుంది. పళ్లెం పూర్తిగా ఎదురుగా ఉన్నా, అంచు మీద కనిపించినా ఆ పద్ధతి పనికిరాదు. దుమ్ము, కొత్త నక్షత్రాలు లెక్కను పాడుచేస్తాయి గనుక ముందుగా వాయువు తక్కువున్న గెలాక్సీల మీదే వాడారు.

మన కడ్డీ విషయంలో ఆధారం ఇంటి దగ్గరే దొరికింది. కడ్డీ నెమ్మదించేకొద్దీ దానితో సమంగా తిరిగే వలయం బయటికి జరుగుతూ, దారిలోని నక్షత్రాలను పొరలు పొరలుగా పట్టుకుంటుంది. 2021లో నక్షత్రాల కదలికలు కొలిచే గయా ఉపగ్రహ లెక్కలతో హెర్క్యులిస్ ప్రవాహంలో (సూర్యుడి చుట్టుపక్కల ఒకే తీరుగా కదిలే నక్షత్రాల గుంపులో) వెతికితే ఆ పొరలు చెట్టు కాండంలోని వలయాల్లా బయటపడ్డాయి. లోపలి పొరల్లో చిక్కినవి ముందుగా పట్టుబడ్డ, లోహాలు (ఖగోళ భాషలో హీలియం కన్నా బరువైన మూలకాలు) ఎక్కువున్న నక్షత్రాలు. పుట్టినప్పటి నుంచి కడ్డీ వేగం సుమారు నాలుగో వంతు తగ్గిందని లెక్క తేలింది.