నేల మీద కదిలిన తోక గాలిలో ఎందుకు మొరాయించింది?

మార్చి నెలాఖరు. గుంటూరు నుంచి తెనాలి వెళ్లే దారిలో మినుము పీకేసిన మాగాణి. వరి తర్వాత మినుము కూడా ఇంటికి చేరితే తప్ప ఈ పొలాల్లో విమానం ఎగరేయడం కుదరదు. పైరు మీద పడితే రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. ఉదయం ఆరున్నర, గాలి ఇంకా లేవలేదు. నేనూ మా మేనల్లుడూ ఇంట్లో కోసి అతికించిన, రిమోట్‌తో నడిచే అరకిలో ఫోమ్ విమానం రెండు రౌండ్లు బుద్ధిగా తిరిగింది. మూడో రౌండులో ముక్కు కిందకి దించింది. వాడు రిమోట్ మీది స్టిక్ పూర్తిగా వెనక్కి లాగాడు. ముక్కు లేవలేదు. వేగం పెంచుకుంటూ వెళ్లి నల్లరేగడి నెర్రెలో దిగబడింది.

పరిగెత్తుకెళ్లి చూస్తే ముక్కు నలిగింది గానీ తోక చెక్కుచెదరలేదు. వాడు మళ్లీ స్టిక్ లాగాడు. తోక వెనక కదిలే పలక, ఎలివేటర్, ఠక్కున పైకి లేచింది.

"మావయ్యా, ఇది పనిచేస్తూనే ఉందిగా!"

ఇలాంటప్పుడు ఎవరైనా ముందు రేడియోని తిడతారు. మేమూ తిట్టాం. కానీ కిందకి వస్తున్నప్పుడు కూడా వాడు రడ్డర్‌తో, అంటే తోక మీద కదిలే నిలువు పలకతో, విమానాన్ని ఎడమకి తిప్పి కరెంటు స్తంభాన్ని తప్పించాడు. రేడియో పోతే అదీ కుదరదు. అంటే జబ్బు ఎలివేటర్‌కే ఉంది, అదీ గాలిలో ఉన్నప్పుడే వస్తోంది.

మా విమానంలో తోక ఎలా నడుస్తుందో చెప్పాలి. తోక పలక వెనక అంచున టేపుతో అతికించిన మరో పలక ఎలివేటర్. అది పైకి లేస్తే గాలి తోకని కిందకి అదుముతుంది, ఏతం మాను లాగా అవతలి కొస, అంటే ముక్కు, పైకి లేస్తుంది. దాన్ని కదిపేది రెక్క కింద కూర్చున్న 9 గ్రాముల సర్వో మోటారు. సర్వోకీ తోకకీ మధ్య 50 సెం.మీ. పొడవు, 1 మి.మీ. మందం ఉన్న స్టీలు తీగ. తీగ కొస ఎలివేటర్ అడుగున అతికించిన హార్న్ అనే చిన్న ప్లాస్టిక్ ముక్కకి తగులుతుంది. హార్న్ అడుగున ఉంది కాబట్టి ఎలివేటర్ పైకి లేవాలంటే సర్వో తీగని వెనక్కి నెట్టాలి. చూపులకి ఇందులో తప్పేం లేదు.

కొబ్బరి చీపురు పుల్ల ఒకటి తీసుకుని రెండు కొసలూ పట్టుకుని లాగండి. తేలిగ్గా తెగదు. అదే పుల్లని నేలకి ఆనించి పైనుంచి నొక్కండి. చిన్న బలానికే విల్లులా వంగుతుంది. ఎంత బలానికి వంగుతుందో 18వ శతాబ్దంలోనే గణిత శాస్త్రవేత్త ఆయిలర్ లెక్క కట్టాడు. పొడవు రెట్టింపైతే తట్టుకునే బలం నాలుగో వంతుకి పడిపోతుంది. మందం రెట్టింపైతే 16 రెట్లు పెరుగుతుంది. మా తీగ కొలతలు ఆ సూత్రంలో పెట్టి చూశాను. వచ్చిన జవాబు సుమారు 40 గ్రాములు! మా చిన్న సర్వో, తీగ తగిలించే తన 1 సెం.మీ. చేతి కొసన కిలోన్నర దాకా లాగగలదు. ఆ బలమంతా బయల్దేరి, దారిలో తీగ వంగిపోయి, తోకకి 40 గ్రాములే చేరుతోంది.

మరి నేల మీద బాగానే లేచిందే? నేల మీద ఎలివేటర్‌ని ఎదిరించే గాలి లేదు. టేపు మడత ఒక్కటే అడ్డం. గాలిలో ఎదురు బలం వేగం వర్గంతో పెరుగుతుంది. మామూలు వేగంలో తీగ మీద 15 గ్రాముల బలం పడుతోందనుకోండి, వేగం రెట్టింపైతే అది 60. ముక్కు కిందకి పడ్డ విమానం వేగం తనంతట తనే పెరుగుతుంది. ఎలివేటర్ అవసరం ఎక్కువయ్యే కొద్దీ తీగ చేతులెత్తేస్తుందన్న మాట. ఇంటికొచ్చాక ఎలివేటర్‌ని వేలితో అదిమిపట్టి స్టిక్ లాగమన్నాను. సర్వో పూర్తిగా తిరిగింది, తీగ విల్లయింది, పలక మాత్రం కదల్లేదు.

"అయితే ఎలివేటర్ పెద్దది చేద్దాం" అన్నాడు వాడు. పలక పెద్దదైతే దాని మీద గాలి బలమూ పెద్దదే, తీగ ఇంకా ముందే వంగుతుంది. తోకని పెంచితే పోయే జబ్బులు తక్కువ. 1902లో రైట్ సోదరులు తమ గ్లైడర్‌కి వెనక రెండు నిలువు పలకలు కదలకుండా బిగించారు. కొన్ని మలుపుల్లో గ్లైడర్ పక్కకి జారి, రెక్క కొసతో ఇసుకని తవ్వేది. వాళ్లు దాన్ని "బావి తవ్వడం" అనేవారు. ఒక రాత్రి కాఫీ ఎక్కువై నిద్ర పట్టని ఆర్విల్‌కి తోక కదిలేలా చేస్తే సరి అనిపించింది. దాన్ని రెక్కలు మెలితిప్పే తీగలకే కలుపుదామన్నది విల్బర్. చివరికి రెండు పలకల చోట ఒక్కటే మిగిలింది, అది తిరిగేది.

సర్వోలనే తోకలో పెడితే తీగ గొడవే ఉండదు కదా అని నాకూ అనిపించింది. ఎలివేటర్‌దీ రడ్డర్‌దీ కలిపి రెండు సర్వోలు 18 గ్రాములు, బరువు కేంద్రానికి 50 సెం.మీ. వెనక. తూకం సరిచేయాలంటే 20 సెం.మీ. ముందున్న ముక్కులో 45 గ్రాముల సీసం పెట్టాలి. అరకిలో విమానానికి అది మోయలేని కట్నం.

అందుకని హార్న్‌ని ఎలివేటర్ అడుగు నుంచి పీకి పైన అతికించాం. ఇప్పుడు ముక్కు లేపాలంటే సర్వో తీగని నెట్టదు, లాగుతుంది. లాగే తీగకి వంగడం అనే బాధ లేదు. ముక్కు దించేటప్పుడు నెట్టాల్సిందే, కానీ ఆ పనికి అంత బలం ఎప్పుడోగాని అక్కర్లేదు. హార్న్ మారింది కాబట్టి ట్రాన్స్‌మిటర్‌లో ఎలివేటర్ దిశ రివర్స్ చేయాలి. నేను మర్చిపోయాను. మేడ మీద చూసుకున్నాం కాబట్టి సరిపోయింది, పొలంలో అయితే రెండో నెర్రె.

తీగనీ మార్చాం. 4 మి.మీ. వెదురు పుల్ల, రెండు కొసలకీ దారంతో చుట్టి అతికించిన తీగ ముక్కలు. వెదురు స్టీలు కంటే చాలా మెతక, కానీ మందం నాలుగు రెట్లు కావడంతో వంగకుండా నిలబడే బలం మొత్తం మీద పదిరెట్లకు పైగా పెరిగింది. అదనపు బరువు ఒకటి రెండు గ్రాములే. వెదురు లేకపోతే పాత తీగనే స్ట్రా ముక్కల్లోంచి పోనిచ్చి, ఆ ముక్కల్ని మూడు చోట్ల ఫోమ్‌కి అతికించినా చాలు. పొడవు నాలుగు ముక్కలై బలం 16 రెట్లవుతుంది.

హార్న్‌ని మాత్రం గ్లూ గన్‌తో అతికించి వదిలేయకండి. మన ఎండలకి, తలుపులు మూసిన కారులో ఆ జిగురు మెత్తబడుతుంది. పలకకి అటూ ఇటూ ప్లాస్టిక్ ముక్కలు పెట్టి కట్టేయడం మేలు. సూపర్ గ్లూ థర్మోకోల్‌నే తినేస్తుంది.

తర్వాతి ఆదివారం వాడు కావాలనే ఎత్తునుంచి ముక్కు దించి, స్టిక్ లాగాడు. విమానం కడుపు చూపిస్తూ పైకి లేచింది. వాడి అరుపుకి గట్టు మీద కొంగలు లేచిపోయాయి.

కానీ కుడికి తిప్పమంటే ఇప్పటికీ బద్ధకమే, ఎడమకైతే చురుకు. ఇన్నాళ్లూ అది ప్రొపెల్లర్ తిరిగే దిశ వల్ల అనుకున్నాం. ఇంటికొచ్చి రడ్డర్‌కి వేలు అడ్డం పెట్టి చూశాం. దాని తీగ కూడా పాతదే, 1 మి.మీ. ఎడమకి లాగుతోంది, కుడికి నెడుతోంది.