ఏథెన్స్ బాన ఇటలీకి ఎందుకు చేరింది?

1972లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఒక మట్టి బానను 10 లక్షల డాలర్లకు కొన్నది. 2008 జనవరిలో దాన్ని ఇటలీకి అప్పగించాల్సి వచ్చింది. చేసింది ఏథెన్స్ కుమ్మరి, గీసింది గ్రీకు చిత్రకారుడు. మరి గ్రీసుకు కాకుండా ఇటలీకెందుకు?

ఆ బాన పేరు క్రాటెర్, అంటే కలిపేది. గ్రీకులు నీళ్లు కలపని వైన్ తాగేవాణ్ని మొరటువాడి కింద లెక్కగట్టేవారు. భోజనాలయ్యాక మొదలయ్యే సింపోజియం అనే తాగుడు విందులో ఎన్ని పాళ్ల నీళ్లకు ఎంత వైనో ఆ పూట పెద్ద తేల్చేవాడు. ఒక పాలు వైన్‌కు మూడు పాళ్ల నీళ్లు మామూలు. ఈ బానలో సుమారు 45 లీటర్లు పడుతుంది. ఆ లెక్కన అందులో వైన్ 11 లీటర్లే. ఎవరి గిన్నెలో వాళ్లు కలుపుకోవడం ఉండదు, అందరిదీ ఒకే బాన. విందు గదిలో గోడల వెంట ఏడో పదకొండో మంచాలు, వాటిపై ఎడమ మోచేతి మీద ఒరిగిన మగవాళ్లు. మంచాలు సరిగ్గా పట్టాలని గుమ్మాన్ని గోడ మధ్యలో కాక ఓ పక్కకు పెట్టేవారు. తవ్వకాల్లో ఆ గదిని గుర్తుపట్టేది దీన్నిబట్టే. ఇంటి ఆడవాళ్లకు అందులోకి ప్రవేశం లేదు.

బాన మీది నలుపు రంగు కాదు, మట్టే. మట్టిని నీళ్లలో కలిపి, ఇసుక అడుగుకు దిగాక పైన మిగిలే మెత్తటి తేటనే పూతగా వేస్తారు. ఆవంలో మొదట గాలి ఆడనిస్తే అంతా ఎర్రబడుతుంది. 900 డిగ్రీల చుట్టుపక్కల గాలి మూసి పచ్చికట్టెలు వేస్తే అంతా నల్లబడుతుంది, పూత మాత్రం గాజులా బిగుస్తుంది. మళ్లీ గాలి వదిలితే ఒళ్లు ఎర్రబడుతుంది, బిగిసిన పూత నల్లగానే ఉండిపోతుంది. రెండో దశలో వేడి చాలకపోతే పూత బిగియదు, చివర్లో అదీ ఎర్రబడి బొమ్మ పాడవుతుంది.

క్రీ.పూ. 515 ప్రాంతంలో యూక్సిథియోస్ చేసిన ఈ బానపై నిద్ర, మృత్యువు అనే దేవతలు కలిసి ట్రాయ్ యుద్ధంలో చనిపోయిన వీరుడు సార్పెడాన్ శవాన్ని మోసుకెళ్లే దృశ్యాన్ని యూఫ్రోనియోస్ గీశాడు. అతని సాటి చిత్రకారుడు యూథిమైడీస్ మరో పాత్ర మీద తాగి చిందులేసేవాళ్లను గీసి, యూఫ్రోనియోస్‌కు ఇలా ఎన్నడూ రాలేదని పక్కనే రాసుకున్నాడు. కుమ్మరి వీధి పంతాలు!

ఏథెన్స్ ఇళ్లలో వాడుకున్న పాత్రలు చాలామటుకు పగిలి పెంకులయ్యాయి. ఇటలీలోని ప్రాచీన జాతి ఎట్రుస్కన్లు మాత్రం అలాంటివే కొని సమాధి గదుల్లో పెట్టారు, అందుకే అక్కడివి నిలిచాయి. ఇటలీలోని చెర్వేటెరి ఊరి దగ్గర అలాంటి ఓ సమాధిలోంచి 1971లో దొంగలు ఈ బానను తవ్వి తీశారు. నేలలో దొరికిన పురావస్తువు ప్రభుత్వానిదేనని ఇటలీ చట్టం. 2006లో మెట్రోపాలిటన్ మ్యూజియం దాన్ని తిరిగి ఇచ్చే ఒప్పందానికి వచ్చింది. ఇప్పుడు బాన చెర్వేటెరి మ్యూజియంలోనే ఉంది.