టైర్లలో గాలి ఉందర్రా!

చిరంజీవి చిట్టికి, బుజ్జిగాడికి తాతయ్య దీవెనలు.

బాబాయి టెక్సస్ నుంచి పంపిన ఫోటో చూసి, "బండి పొట్ట నేలకు తగులుతోంది, టైర్లలో గాలి పోయిందా తాతా?" అని అడిగారు కదా. గాలి నిండుగానే ఉంది. అది ఫోర్డ్ ఎఫ్-100, 1970 మోడల్ పికప్. కావాలనే కిందికి దించారు. అక్కడ పాత పికప్పులను ఇలా దించుకోవడం ఒక సరదా. డబ్బున్నవాళ్లు కొత్త సామాను తెప్పించుకుంటారు, లేనివాళ్లు తుక్కు యార్డుకు పోతారు. నాకు రెండోవాళ్ల పనే ముచ్చట, అదే చెబుతాను.

నులక మంచం ఎత్తు తగ్గించాలంటే ఏం చేస్తారు? నులక వదులు చేస్తే నడుమ గుంట పడి వీపు నేలకు ఆనుతుంది. అదే కోళ్లు, అంటే మంచం కాళ్లు, పొట్టివి వేస్తే మంచం దిగుతుంది, నులక బిగువు చెడదు. మా చిన్నప్పుడు ఎండాకాలం రాత్రుళ్లు వాకిట్లో వరసగా మంచాలు వేసేవాళ్లు. ఎగిరి దూకితే నులక సాగుతుందని మా నాయనమ్మ తిట్టేది. మేము మాత్రం దూకడానికే పడుకునేవాళ్లం.

బండికి స్ప్రింగే నులక. కొందరు దాన్ని గ్యాసుమంటతో కాల్చి కుంగదీస్తారు. అలా చేస్తే ఉక్కు పదును పోయి, బండి ఎప్పుడు ఎంత కుంగుతుందో చెప్పలేం. ఆ పని ఎప్పుడూ చేయకూడదు. చుట్లు కోస్తే ఇంకో ఇబ్బంది: చుట్లు తగ్గేకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది, బండి ఎగరేస్తుంది. పైగా ఈ బండి ముందు భాగంలో 1965 నుంచి ఫోర్డ్ వాడిన రెండు ఇనుప దూలాలున్నాయి. కుడి చక్రం దూలం ఫ్రేముకు ఎడమ పక్కన, ఎడమ చక్రం దూలం కుడి పక్కన వేలాడతాయి. స్ప్రింగు పొట్టిదైతే దూలాలు తిరిగి, చక్రాల తలలు లోపలికి వాలతాయి. టైరు లోపలి అంచు త్వరగా అరిగిపోతుంది.

అందుకే కోళ్లే, అంటే చక్రాలను పట్టే ముందు భాగాన్నే, మారుస్తారు, అవీ వేరే మంచంవి. 2003 నుంచి 2011 వరకు వచ్చిన ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా కారు పోలీసులకూ టాక్సీలకూ తెగ వాడారు, కాబట్టి తుక్కులో దొరుకుతుంది. దాని ముందు భాగం, చక్రాల నడుమ అడ్డంగా ఉండే అల్యూమినియం క్రాస్‌మెంబర్‌తో సహా ఒక్క ముక్కగా ఊడి వస్తుంది: చక్రాలను పట్టుకునే చేతులు, షాకబ్జర్ల చుట్టూ స్ప్రింగులు, డిస్క్ బ్రేకులు, చక్రాలను తిప్పే స్టీరింగ్ ర్యాక్ అన్నీ దానికే ఉంటాయి. తుక్కులోంచి తెచ్చేదాన్ని ముందు అనుమానించాలి. గుద్దుకున్న కారుదైతే చేతులు వంగి ఉంటాయి. చేతుల చివర ఉండే బాల్ జాయింట్లు ఊగుతున్నాయా, ర్యాక్ దగ్గర నూనె కారుతోందా, రబ్బరు బుష్షులు పగిలాయా చూసుకున్నాకే డబ్బివ్వాలి.

బిగించేముందు పాత చక్రం నడిబొడ్డు ఫ్రేము మీద ఎక్కడికి వస్తుందో మేస్త్రీల గుండు తాడు వేసి గీత పెట్టుకోవాలి. ఆ గీత మీదికే కొత్త చక్రం రావాలి, లేకపోతే చక్రం మడ్‌గార్డు నడుమ నిలబడదు. మంచం పట్టెకు బెజ్జం కుదరకపోతే చెక్క వేసి సరిచేస్తారు చూడండి, ఇక్కడ ఉక్కు పలకలు కోసి ఫ్రేముకు వెల్డింగ్ చేస్తారు. అల్యూమినియం ఉక్కుకు అతకదు కాబట్టి క్రాస్‌మెంబర్‌ను ఆ పలకలకు బోల్టులతోనే బిగించాలి. ముందు వెల్డింగ్ చుక్కలు పెట్టి, మూల నుంచి మూలకు కర్ణాలు కొలిచి, రెండూ సమానమయ్యాకే పూర్తిగా వెల్డ్ చేయాలి. తొందరపడినవాడికి ఇక్కడే దెబ్బ.

ముందు కోళ్లు పొట్టివైతే మంచం తలవైపు వాలుతుంది. బండీ అంతే. ఈ పొట్టి పికప్‌లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ నడుమ 115 అంగుళాలు. ముక్కు వెనకకన్నా 2 అంగుళాలు దిగితే ఫ్రేము దాదాపు 1 డిగ్రీ వాలుతుంది, క్యాస్టర్ కోణం, అంటే ముందు చక్రం పక్కకు తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం, కూడా అంతే తగ్గుతుంది. క్యాస్టర్ బాగా తగ్గితే మలుపు తర్వాత స్టీరింగు తనంతట తాను వెనక్కి రాదు. అందుకే బండి చివరికి ఏ వాలులో నిలబడాలో ముందే నిర్ణయించుకుని, ఆ వాలులో క్రాస్‌మెంబర్‌ను సమంగా పెడతారు.

ఇంకో రెండు చిక్కులు. ఇంజను కింద ఆయిల్ పాన్ గిన్నె ముందువైపు ఉంటే క్రాస్‌మెంబర్‌కు తగులుతుంది, గిన్నె వెనకవైపున్న పాన్ వేయాలి. కారు చక్రానికి 5 బోల్టులు 4.5 అంగుళాల వలయంలో ఉంటే, పికప్ వెనక చక్రానికి 5.5 వలయం. ఒకే స్టెప్నీ రెంటికీ సరిపోదు. అందుకే చాలామంది అదే కారు వెనక ఇరుసునూ తెచ్చి, దాని పాత తగిలింపులు కోసేసి, కమాన్ కట్టలు (బరువు మోసే ఉక్కు పట్టీల దొంతరలు) కూర్చోడానికి ఇరుసుకు కొత్త పీటలు వెల్డ్ చేస్తారు.

వెనక దించడం మరో తీరు. ఇరుసు కమాన్ కట్ట కింద ఉంటే దాన్ని కట్ట పైకి తెస్తారు. ఇరుసు గొట్టం మందం సుమారు 3 అంగుళాలు, కట్ట మందం ఇంకో 2 వేసుకుంటే ఒక్క మార్పుతో 5 అంగుళాలకు పైగా దిగుతుంది. కోడును పట్టె పైకి తెచ్చిన మంచం నేనెక్కడా చూడలేదు, కాబట్టి మంచాన్ని ఇక్కడ వదిలేద్దాం. దిగాక గుంతలో ఇరుసు లేచి ఫ్రేముకు గుద్దుకుంటుంది. అక్కడ ఫ్రేమును విల్లులా కోసి, మందపాటి పలకతో బలం ఇవ్వాలి. బలం ఇవ్వకుండా కోస్తే ఫ్రేము చీలుతుంది. ఇరుసు పీటలను కూడా బండి బరువు మొత్తం చక్రాల మీద పడ్డాకే, ఇరుసు ముక్కును గేరుబాక్సు వాలుకు సమాంతరంగా పెట్టి అతకాలి. లేకపోతే గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకు వెళ్లే షాఫ్టు వణుకుతుంది. షాకబ్జర్లు పొట్టివి వేయాలి, చివర్లో అలైన్‌మెంటు చేయించాలి, హెడ్‌లైట్లు మళ్లీ సరిచేయాలి.

ఇది అంతా చదివితే తలతిరుగుతుంది, నాకు తెలుసు. సాయంత్రం రోడ్డు పక్కన ఆగిన లారీ దగ్గరకు నాన్నతో వెళ్లండి. డ్రైవరన్నను అడిగి, కిందికి దూరకుండా బయటే వంగి వెనక చక్రం లోపలికి చూడండి. జాకీ మీదున్న బండి అయితే దగ్గరకు కూడా పోవద్దు. కమాన్ కట్టలో పట్టీలు ఎన్నో లెక్కపెట్టండి. ఇరుసు కట్టకు పైన ఉందా, కింద ఉందా? నాకు రాయండి.

మీ తాతయ్య