మంచుకు ముందు వెచ్చగాలి: వర్జీనియా సిటీలో ఒక నవంబరు వారం

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో వర్జీనియా సిటీ అనే చిన్న ఊరు ఉంది. 1859లో బయటపడ్డ కామ్‌స్టాక్ వెండి గనులు దీన్ని పుట్టించాయి. 1870లలో పాతికవేల మంది దాకా ఉన్నారంటారు, ఇప్పుడు వెయ్యి మంది కూడా లేరు. డేవిడ్సన్ కొండ తూర్పు వాలు మీద, సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తున ఉంటుంది.

నవంబరులో అక్కడ ఒకే వారంలో మూడు కాలాలు కనిపించవచ్చు. సోమవారం మధ్యాహ్నం ఎండ హాయిగా ఉంటుంది. బుధవారం తలుపులు దడదడలాడించే గాలి. గురువారం మంచు. వారాంతానికి మళ్ళీ నీలాకాశం. కారణం పడమట ఉన్న సియెర్రా నెవాడా పర్వతశ్రేణి.

చలికాలం దగ్గరపడేకొద్దీ పసిఫిక్ తుపాన్ల దారి దక్షిణానికి దిగుతుంది. రెండు తుపాన్ల మధ్య అధికపీడనం నిలిస్తే ఆకాశం తేటగా, గాలి పొడిగా ఉంటుంది. ఆవిరి తక్కువ కాబట్టి పగటి వేడి రాత్రికి నిలవదు. అయితే చల్లగాలి బరువెక్కి వాలు వెంట లోయలోకి జారిపోతుంది. అందుకే కొన్ని తెల్లవారుజాముల్లో కింది లోయ గడ్డకడుతుంటే పైనున్న ఊళ్ళో చలి కాస్త తక్కువ.

తుపాను దగ్గరికొస్తే ముందు తెలిసేది గాలితోనే. సముద్రపు తేమగాలి సియెర్రా పడమటి వాలు ఎక్కుతూ చల్లబడి, నీటిలో చాలా భాగం అక్కడే వదిలేస్తుంది. ఆ శ్రేణిలోని డోనర్ కనుమ దగ్గర మామూలు చలికాలంలో మొత్తం 9 మీటర్ల మంచు కురుస్తుంది. 1846లో వలసబండ్ల గుంపు ఒకటి ఆ మంచులో చిక్కుకుంది, అందులో దాదాపు సగం మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. శిఖరం దాటిన గాలి కిందికి దిగుతూ నొక్కుకుపోయి, సైకిల్ పంపు వేడెక్కినట్టు, కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. కాబట్టి మంచు పడడానికి కొన్ని గంటల ముందు ఊరు వింతగా వెచ్చబడవచ్చు. అప్పుడు ఆకాశంలో పప్పుగింజ ఆకారపు మేఘాలు కనిపిస్తాయి. గాలి వాటిలోంచి దూసుకుపోతున్నా అవి మాత్రం కదలవు. పర్వతం లేపిన గాలి అల పైకెక్కే చోట ఆవిరి మేఘమవుతుంది, దిగే చోట కరిగిపోతుంది. అందుకే మేఘం ఉన్నచోటే నిలిచినట్టుంటుంది.

ఇలా కొండ వెనక మిగిలే పొడి నేలనే వర్షచ్ఛాయ అంటారు. పడమటి కనుమల వెనకున్న మన అనంతపురం కరువుకూ ఇదొక ముఖ్య కారణం. వర్జీనియా సిటీకి దగ్గర్లోని రీనో నగరంలో ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. వర్జీనియా సిటీకి నీళ్ళు చాలక, 1873లో సియెర్రా నుంచి ఇనుప పైపు వేశారు. నీళ్ళు వాషో లోయలోకి దిగి, తమ ఒత్తిడితోనే మళ్ళీ అవతలి కొండెక్కేవి, పంపు అక్కర్లేకుండా. కొండ ఆపేసిన నీటిని కొండ మీది నుంచే తెచ్చుకున్న ఆ పనితనం నాకు గనుల సంపద కన్నా గొప్పగా అనిపిస్తుంది.

కానీ వేసవంతా ఎండిన కలప ఇళ్ళకు శరత్కాలపు గాలి తోడైతే ఆ నీళ్ళు కూడా చాలలేదు. 1875 అక్టోబర్ 26 తెల్లవారుజామున ఒక బోర్డింగ్ హౌస్‌లో రేగిన మంట, గాలికి ఊరి నడిబొడ్డునంతా కాల్చేసింది. వేలమంది నిలువనీడ కోల్పోయారు. ఇప్పుడు సి స్ట్రీట్‌లో టూరిస్టులు చూసే పాత భవనాల్లో చాలావరకు ఆ తర్వాత కట్టినవే.